పంటు మీదా, సొరంగంలోనా

"అమ్మాయ్, ఇంతకీ కారు పంటెక్కుతుందా, లేదా?"

ఫిబ్రవరి నుంచీ వీడియో కాల్ చేసినప్పుడల్లా మావయ్యగారు అడిగిన మొదటి మాట ఇదే. పారిస్ గురించి అడగలేదు, ఈఫిల్ టవర్ ఊసెత్తలేదు. ఆయనది నర్సాపురం. ముప్పై ఏళ్ళు సఖినేటిపల్లి అవతల హైస్కూల్లో లెక్కలు చెప్పారు. పొద్దున్నే స్కూటర్‌తో సహా వశిష్ఠ గోదావరి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ, ఎక్కడం, సాయంత్రం అదే పంటు మీద ఇల్లు చేరడం. బండితో నీళ్ళు దాటడమంటే ఆయన లెక్కలో పంటే. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య ఉన్న ఇంగ్లిష్ ఛానెల్ ఆయనకి కొంచెం వెడల్పెక్కువైన గోదావరి, అంతే.

మేముండేది ఇంగ్లండులో, రెడింగ్‌లో. 2025 మే నెలాఖరు హాఫ్ టర్మ్ సెలవులకి అత్తయ్యగారినీ మావయ్యగారినీ పిల్లలిద్దర్నీ వేసుకుని కార్లో ఫ్రాన్స్ వెళ్ళాలనుకున్నాం. రెండ్రోజులు డిస్నీలాండ్, ఆ తర్వాత తూర్పు ఫ్రాన్స్‌లో కోల్మార్ దగ్గర ఓ పల్లెటూళ్ళో అద్దె ఇల్లు. ఆరుగురం, ఏడు సీట్ల బండి, నెత్తిన రూఫ్ బాక్స్. డ్రైవర్ని నేనొక్కదాన్నే. మా ఆయనకి లైసెన్స్ ఉంది, ధైర్యం లేదు. ఆయన వంతు ఎక్సెల్ షీట్.

ఆ షీట్లో మొదట ఆరు వరసలుండేవి. మాకు అన్నిటికన్నా దగ్గర పోర్ట్స్‌మత్, అరవై మైళ్ళు. అక్కణ్ణుంచి కాన్ రేవుకి దాదాపు ఆరు గంటల ఓడ. రాత్రి ఓడెక్కి క్యాబిన్‌లో పడుకుంటే తెల్లారేసరికి నార్మండీలో ఉంటాం. నార్మండీకో బ్రిటనీకో వెళ్ళేవాళ్ళకి దీన్ని మించింది లేదు. మేం పోయేది తూర్పుకి. పడమట దిగి దేశమంతా అడ్డంగా నడపాలి, కొట్టేశాం. న్యూహేవెన్ నుంచి దియెప్, నాలుగు గంటలు. ఇది నాకు నచ్చింది గానీ రోజుకి ఉండేవే కొన్ని ఓడలు, మా వేళకి కుదరలేదు. హారిచ్ నుంచి హాలండ్‌కి వెళ్ళేది ఎసెక్స్ వైపు ఉన్నవాళ్ళకి బాగుంటుంది, మాకు చుట్టుతిరుగుడు. డోవర్ నుంచి డంకర్క్ రెండు గంటలు. డోవర్ నుంచి కలే గంటన్నర. చివరిది ఫోక్‌స్టన్ నుంచి సొరంగం, అంటే లే షటిల్ రైలు. కారుతో సహా ఎక్కితే 35 నిమిషాలు.

35 అనే అంకె చూశాక ఇంక ఎవరి కళ్ళూ పక్కకి తిరగవు. నావీ తిరగలేదు. ఆఫీసులో అడిగితే అందరిదీ ఒకటే మాట, "టన్నెల్ ఉండగా ఓడెందుకు?"

ఓ ఆదివారం కూర్చుని గేటు నుంచి గేటుదాకా లెక్కేశాను. దేనికైనా ముందుగా వెళ్ళి వరసలో నిలబడాల్సిందే. రెండుచోట్లా ఇంగ్లండు గడ్డ మీదే ఫ్రెంచి పోలీసులు పాస్‌పోర్టులు చూస్తారు, కాబట్టి అవతల దిగాక నేరుగా రోడ్డెక్కడమే. రెండూ దింపేది కలే పొలిమేరల్లోనే. మొత్తం మీద సొరంగం మిగిల్చేది గంట, మహా అయితే గంటన్నర. ఆ గంటన్నరా నేనేం చేస్తానన్నది అసలు ప్రశ్న. రైల్లో అయితే నా కార్లో నా స్టీరింగ్ ముందే కూర్చుంటాను. లేచి పక్కన నిలబడొచ్చు గానీ, కుర్చీలుండవు, టీ ఉండదు. ఓడలో అయితే కారుకి తాళం వేసి పైకెళ్ళి కాళ్ళు చాపుకోవచ్చు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, ఎం25 హైవే మీద లారీల మధ్య నూట పాతిక మైళ్ళు నడిపాక, అవతల ఇంకో మూడు గంటలు కుడిచేతి స్టీరింగుతో రోడ్డుకి కుడివైపున నడపాలి. మా ఆయన షీట్లో ధర, టైము, మైళ్ళు, టాయిలెట్లు, అన్నిటికీ గడులున్నాయి. నా నడుముకి మాత్రం గడి లేదు.

ధర సంగతి. సొరంగంలో టికెట్ కారుకి, మనుషులకి కాదు. లోపల తొమ్మిదిమంది ఉన్నా అదే ధర. అలాగని చౌక కాదు, మా తేదీలకి ఓడకి దాదాపు రెట్టింపు చూపించింది. తెల్లవారుజాము, అర్ధరాత్రి వేళల్లో తగ్గుతుంది. బుక్ చేసేటప్పుడు బండి ఎత్తు అడుగుతారు. 1.85 మీటర్లు దాటితే రెండంతస్తుల పెట్టెల్లో పట్టదు, ఒకే అంతస్తున్న పెట్టెలోకి పంపుతారు. రూఫ్ బాక్స్ పెట్టుకున్నవాళ్ళు టేపు పట్టుకుని కొలవండి, కంటితో అంచనా వేయకండి. ఎల్‌పీజీతో నడిచే కారైతే సొరంగంలోకి రానివ్వరు, ఓడే గతి.

ఇక అత్తయ్యగారు. ఆవిడకి బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. పంటు మీద కూడా కళ్ళు మూసుకుని కూర్చునే మనిషి. ఆవిడ ఓటు సొరంగానికి. "నేల కిందైతే ఊగదు కదమ్మా?" అన్నారు. ఊగదు, కాకపోతే నెత్తి మీద సముద్రం ఉంటుందని పిల్లలు చెప్పేశారు. ఒక్క క్షణం ఆగి, "నీళ్ళు కారవు కదా?" అన్నారు.

గాలివాన కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలి మరీ ఎక్కువైతే డోవర్ రేవు మూసేస్తారు, సొరంగానికి ఆ బాధ లేదు. సెలవులు మొదలయ్యే శనివారాలు డోవర్‌కి అసలు మంచివి కావు. 2022 జూలైలో కార్లు గంటలకొద్దీ రోడ్డు మీదే ఉండిపోయిన సంగతి ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోలేదు. అందుకే మేం సోమవారం ఎంచుకున్నాం. డిసెంబరులోనో జనవరిలోనో వెళ్ళేదైతే మాత్రం నేను డబ్బు చూసుకోను, సొరంగమే.

చివరికి నా మాటే నెగ్గింది. పోయేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు సొరంగం. రానూపోనూ ఒకేదాన్లో టికెట్ తీసుకోవాలని ఎక్కడా లేదు, విడివిడిగా కొనుక్కోవచ్చు. పోయేటప్పుడు పగటివేళ, ఒంట్లో ఓపిక ఉంటుంది, నాకు విశ్రాంతి కావాలి. వచ్చేటప్పుడు అందరం డస్సిపోయి ఉంటాం, మర్నాడు బడి, ఎంత తొందరగా ఇల్లు చేరితే అంత మంచిది. మావయ్యగారికి ఫోన్ చేసి చెబితే, "అయితే పంటే," అని పెట్టేశారు.

బయల్దేరే ముందురోజు వంటింట్లో పెద్ద రగడ. బ్రెగ్జిట్ తర్వాత ఇక్కణ్ణుంచి యూరప్‌లోకి మాంసం, పాలు, పాలతో చేసినవి ఏవీ తీసుకెళ్ళకూడదు. అంటే పెరుగు, పనీరు, నర్సాపురం నుంచి ఎనిమిది వేల కిలోమీటర్లు వచ్చిన నెయ్యి సీసా, ఏవీ కుదరవు. పచ్చి కరివేపాకూ వద్దు. పళ్ళల్లో అరటి, అనాస, కొబ్బరి, ఖర్జూరం, డ్యూరియన్ తప్ప మిగతావాటికి సర్టిఫికెట్ కావాలి. ఆవకాయకి ఏ అడ్డూ లేదు. "నెయ్యి లేని ఆవకాయ ఎందుకూ, చూసి ఏడవడానికా?" అన్నారు అత్తయ్యగారు. సీసాని అలమారలో పెట్టి, మూత మీద స్టీలు గిన్నె బోర్లించి, మనిషిని వదిలి వెళ్తున్నట్టు చూశారు.

అయినా పెరుగన్నం కలిపేశారు. దాన్ని సరిహద్దు దాటించకుండా కడుపులో దాచాలి కదా, డోవర్‌లో ఓడ కోసం ఆగిన వరసలోనే కారు వెనక డోరు ఎత్తి ఆరుగురం డబ్బా ఖాళీ చేశాం. పొద్దున ఎనిమిదిన్నరకి, చుట్టూ సైకిళ్ళు కట్టుకున్న కార్ల మధ్య, ఆవకాయ బద్ద నంజుకుంటూ. ఓ సీగల్ మా వాడి చేతిలో ముద్ద మీద కన్నేసి రెండుసార్లు వచ్చింది.

పాస్‌పోర్టుల దగ్గర ఆలస్యమేమీ కాలేదు. మా నలుగురివీ బ్రిటిష్‌వి, పెద్దవాళ్ళవి ఇండియన్‌వి. వాళ్ళ షెంగెన్ వీసాలు హైదరాబాద్‌లోనే తీసుకుని రమ్మన్నాం. ఇక్కడికి విజిటర్లుగా వచ్చాక చూద్దామనుకుంటే చిక్కు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు ఇంకొంచెం టైము వేసుకోండి. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. అది బ్రిటిష్, ఇండియన్ పాస్‌పోర్టులు రెండిటికీ వర్తిస్తుంది.

ఓడ కడుపులోకి కారు నడపగానే మావయ్యగారు మాష్టారైపోయారు. లారీలని గొలుసులతో నేలకి బిగించడం చూశారు. కార్లకి మాత్రం హ్యాండ్ బ్రేక్, గేరు, అంతే. "పంటు మీద చక్రం కింద రాయి పెడతారు. ఇక్కడ అదీ లేదేమిటి?" అని పసుపు కోటు అబ్బాయిని అడగమన్నారు. అతను నవ్వి బొటనవేలు చూపించి వెళ్ళిపోయాడు. మావయ్యగారికి ఆ జవాబు సరిపోలేదు.

ఇక్కడే నేనో తప్పు చేశాను. ఓడ కదిలాక కార్లున్న అంతస్తుకి తాళాలు పడతాయి, మళ్ళీ దిగనివ్వరు. శాలువా, మందులు, పిల్లల బొమ్మలు, ఏది కావాలన్నా ముందే పైకి తెచ్చుకోవాలి. ఇదంతా అందరికీ చెప్పిన నేనే అత్తయ్యగారి వాంతుల మాత్రలు డాష్‌బోర్డు అరలో వదిలేసి వచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. చేతిసంచీలోంచి నిమ్మకాయ తీసి వాసన చూస్తూ కూర్చున్నారు. అది కూడా తీసుకెళ్ళకూడని జాబితాలోదే. కలే వచ్చేలోపు దాన్ని నీళ్ళ సీసాలోకి పిండించేశాను. ఓడ మధ్యభాగంలో, వీలైనంత కింది అంతస్తులో కూర్చోబెడితే ఊపు తక్కువ తెలుస్తుంది. ఆ రోజు సముద్రం కూడా కనికరించింది.

మావయ్యగారు మంకీ క్యాప్ పెట్టుకుని పైన గాలిలో రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. వెనక డోవర్ తెల్ల కొండలు. చాలాసేపు చూసి, "ఇది సుద్దే కదమ్మా?" అన్నారు.

"అవును మావయ్యగారూ, మొత్తం సుద్దే."

కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాసుకున్నారు, సుద్దపొడి దులుపుకున్నట్టు. రిటైరై పన్నెండేళ్ళయింది, ఆ అలవాటు పోలేదు.

తర్వాత మా అమ్మాయికి జీకే క్లాసు. 1958లో మిహిర్ సేన్ ఈ ఛానెల్ ఈదాడని, మరుసటి ఏడు సెప్టెంబర్ 29న ఆరతీ సాహా ఫ్రాన్స్ ఒడ్డు నుంచి ఈది 16 గంటల 20 నిమిషాల్లో ఫోక్‌స్టన్ పక్కనే శాండ్‌గేట్‌లో ఒడ్డెక్కిందని, ఆసియా ఆడవాళ్ళలో ఆమే మొదటిదని. మా అమ్మాయి అంతా విని, "మరి వాళ్ళ లగేజీ?" అంది.

నేను ఇరవై నిమిషాలు నోరు తెరుచుకుని నిద్రపోయానట. మా ఆయన ఫొటో తీశారు, అది ఇక్కడ పెట్టను.

ఫ్రాన్స్‌లో దారి గురించి ఇంకో టపా రాస్తాను. ఒక్క మాట. టోల్ గేట్ల దగ్గర చీటీ మిషన్లు ఎడమవైపు ఉంటాయి, మన కార్లో అటు కూర్చునేది పక్కసీటు మనిషి. మూడు దేశాల్లో పదేళ్ళు నా పక్కన ఊరికే కూర్చున్న మా ఆయనకి ఎట్టకేలకు ఉద్యోగం దొరికింది. మొదటి గేటులో చీటీ కింద పడేసుకున్నారు.

కోల్మార్ ఇంట్లో రెండోరోజే అత్తయ్యగారు సూపర్ మార్కెట్లో వెన్న కొని కాచారు. మొదటిసారి తెలియక ఉప్పు వెన్న తెచ్చాం. నెయ్యి బానే వచ్చింది గానీ అడుగున మిగిలిన గోదారి, అదే నేతి మడ్డి, ఉప్పుకషాయం. పిల్లలు చక్కెర కలుపుకుని నోట్లో పెట్టుకుని మొహాలు చూసుకున్నారు. రెండోసారి 'దూ', అంటే ఉప్పు లేనిది, అని రాసున్నది తెచ్చాం. మిగిలిన నెయ్యి తిరుగు ప్రయాణంలోనూ తేవడానికి లేదు. 2025 ఏప్రిల్ 12 నుంచి యూరప్ నుంచి ఇటు కూడా పాలపదార్థాలు, పశువుల, గొర్రె, మేక, పంది మాంసం బందు. ఆఖరి రోజు అందరి పళ్ళేల్లోనూ నెయ్యి వరదలైంది.

తిరుగు ప్రయాణంలో గంట ముందే చేరాం, ఖాళీ ఉందని ముందు రైలుకే పంపారు. అద్దానికి తగిలించుకోమని ఓ అక్షరం ఉన్న కాగితమిచ్చారు. ఆ అక్షరం పిలిస్తే కదలాలి. రైలు పెట్టెలోకి పక్కనుంచి ఎక్కి, లోపల్లోపలే ముందుకి నడుపుకుంటూ వెళ్ళాం. ఇంజను ఆపి, మొదటి గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, కిటికీలు సగం దించమన్నారు, చెవుల మీద ఒత్తిడి పడకుండా. చేపలు కనిపిస్తాయని మా వాడికి ఎవరు చెప్పారో గానీ కిటికీలోంచి చీకటి చూసి ఏడుపందుకున్నాడు. అత్తయ్యగారు మాత్రం ప్రయాణంలో మొదటిసారి కళ్ళు తెరిచి కూర్చున్నారు. కదలగానే విష్ణుసహస్రనామం మొదలుపెడితే, ఫలశ్రుతిలో ఉండగా ఫోక్‌స్టన్ వెలుగొచ్చింది. ఇంక ఎప్పుడొచ్చినా దీన్లోనే అని అక్కడికక్కడే తీర్పిచ్చేశారు.

మావయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా ఆయన్ని అడిగారు, "రెండువైపుల నుంచీ తవ్వుకొచ్చారు కదరా, మధ్యలో కలిసేచోట ఎంత తేడా వచ్చింది?"

ఆ సంగతి మా ఆయనకి తెలుసు, షీట్ చేసే రోజుల్లో చదివారట. 1990 డిసెంబర్ 1న, రెండు రైలు సొరంగాల మధ్యనున్న సర్వీసు సొరంగంలో రెండు జట్లూ కలిశాయి. సముద్రం కిందే 38 కిలోమీటర్లు. పక్కకి 358 మిల్లీమీటర్లు, ఎత్తులో 58 మిల్లీమీటర్లు తేడా.

మావయ్యగారు అరచెయ్యి చాపి మోచేతిదాకా కొలుచుకున్నారు. మూరెడు కూడా లేదు.

"తవ్వింది దేన్లోంచి?"

"ఎక్కువభాగం సుద్దపొరలోంచే నాన్నా."

"మరి ఫుల్ మార్కులు వెయ్యలేను," అన్నారు. "స్టెప్పులకి వేస్తాను."

ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. పిల్లల్ని ఎత్తుకుని పడుకోబెట్టి, రూఫ్ బాక్స్ రేపు దించుకుందామని వదిలేసి లోపలికొచ్చేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. అత్తయ్యగారు స్టీలు గిన్నె తీసి పక్కన పెట్టి, నెయ్యి సీసా దీపానికెత్తి ఎంతుందో చూస్తున్నారు.