ఒకే బొమ్మకు మూడుసార్లు రంగులు వేశాను

నా బల్ల మీద ఒకే బొమ్మ ప్రతులు మూడు వరుసగా నిలబడి ఉన్నాయి. ఎడమ చేతిలో లాంతరు ఎత్తి పట్టుకుని, కుడి చేత్తో కర్ర ఊని, భుజాల మీద దళసరి ఎర్ర కంబళి కప్పుకుని, చీకట్లోకి తేరిపార చూస్తున్న ముసలి కాపలాదారు. 75 మిల్లీమీటర్ల రెజిన్ బొమ్మ. అంటే నిజమైన మనిషిలో దాదాపు 24వ వంతు. మొదటి ప్రతికి రంగు అద్దిన రోజుకూ, మూడో ప్రతిని పీఠం మీద బిగించిన రోజుకూ మధ్య 14 నెలలు గడిచాయి. ఈ కాలంలో నా చేతి పని కొంత మెరుగుపడింది. నా చూపు మాత్రం పూర్తిగా మారిపోయింది.

మొదటి ప్రతి చేసేనాటికి రెండేళ్లుగా 28 మిల్లీమీటర్ల బొమ్మలకు రంగులు వేస్తున్నాను. చేయి తిరిగిందనే నమ్మకం ఉండేది. కంబళి అంచు నేత, నడుము పట్టీ బిళ్ల, చెప్పుల కుట్లు, ఏదీ వదలకుండా దిద్దాను. ఒక రంగు ఇంకో రంగు హద్దు దాటలేదు. ఎంతో మురిసిపోయి దాన్ని ఒక ప్రదర్శన పోటీకి తీసుకెళ్లాను. అక్కడ ఓపెన్ పద్ధతిలో నిర్ణయిస్తారు. ఒకరి పనిని మరొకరి పనితో పోల్చి మొదటి స్థానం, రెండో స్థానం అని ఇవ్వరు. ఒక ప్రమాణం పెట్టుకుని, దాన్ని అందుకున్న ప్రతి పనికీ స్థాయిని బట్టి బంగారు, వెండి, కంచు పతకాలు ఇస్తారు. ఒకే బల్ల మీద పదిమందికి బంగారు పతకాలు రావచ్చు, ఒక్కరికీ రాకపోవచ్చు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. పతకం రాకపోతే పక్కవారి బొమ్మ ఇంకా బాగుందని సర్దిచెప్పుకునే వీలుండదు.

నాకు ఏదీ రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి కారణం చెప్పమని అడిగాను. ఆయన బొమ్మను చేతిలోకి తీసుకోలేదు. నన్ను తన పక్కన, బల్లకు చెయ్యి చాచినంత దూరంలో నిలబెట్టారు. చేతి పని శుభ్రంగా ఉందని, కానీ ఇక్కడి నుంచి ముఖం ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోందని అన్నారు. నేనూ చూశాను. ఆయన మాట నిజం.

ఇంటికి వచ్చాక ఆ బొమ్మను ఫోనుతో నలుపు తెలుపు ఫొటో తీశాను. ముఖం, కంబళి, లాంతరు, కర్ర అన్నీ ఒకే బూడిద రంగు ముద్దలా కనిపించాయి. రంగులు వేరే, వెలుగు నీడలు వేరే అన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. నిజమైన మనిషి ముక్కు కింద, గడ్డం కింద, బట్టల మడతల్లో వెలుగే నీడలు గీస్తుంది. మనిషి 75 మిల్లీమీటర్లకు కుదించుకుపోతే ఆ నీడలు కూడా అంతే కుదించుకుపోయి దూరం నుంచి కంటికి ఆనవు. పైగా బొమ్మతో పోలిస్తే గదిలోని దీపం, తెల్ల గోడలు చాలా పెద్దవి. నాలుగు వైపుల నుంచీ వచ్చే వెలుగు మిగిలిన కాస్త నీడనూ చెరిపేస్తుంది. కాబట్టి ఆ నీడను, ఆ వెలుగును మనమే కుంచెతో వేయాలి. అదీ మనకు మరీ ఎక్కువైందేమో అనిపించేంతగా వేయాలి. దగ్గర నుంచి చూస్తే మొరటుగా అనిపించే తేడాయే చెయ్యి చాచినంత దూరంలో సహజంగా కుదురుకుంటుంది.

అదే బొమ్మ మరొకటి తెప్పించుకున్నాను. కొత్త బొమ్మ అయితే ఆ కొత్తదనంలో తప్పు ఎక్కడ జరుగుతోందో తెలియదని నా ఉద్దేశం.

ముందు పనులన్నీ పాతవే. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి అచ్చు నుంచి అంటుకున్న జిడ్డు వదిలించడం, కత్తి వీపుతో అతుకు గీతలు గీకడం, గరుకు కాగితాన్ని తడిపి రుద్దడం. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, అందుకే తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. ఈసారి మారింది ప్రైమర్, అంటే రంగు బాగా పట్టడానికి ముందుగా కొట్టే పూత. మొదట మొత్తం నలుపు కొట్టి, ఆరాక పైనుంచి ఏటవాలుగా తెలుపు కొట్టాను. సూర్యుడు నడినెత్తికి కాస్త పక్కగా ఉంటే వెలుగు ఎక్కడ పడుతుందో అక్కడ తెలుపు నిలిచింది, మిగతాచోట్ల నలుపు ఉండిపోయింది. ఆ దశలో ఒక ఫొటో తీసి పెట్టుకున్నాను. రంగు వేస్తున్నప్పుడు ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ అన్న అనుమానం వచ్చినప్పుడల్లా ఆ ఫొటో చూసుకున్నాను.

రెండో ప్రతిలో వెలుగు నీడల తేడా కనిపించింది కానీ రంగు పాడైంది. కంబళి నీడల కోసం ఎరుపులో నలుపు కలిపాను, మడతలన్నీ మసి పూసినట్టయ్యాయి. వెలుగు కోసం తెలుపు కలిపాను, అది గులాబీ రంగులోకి తిరిగింది. ఎరుపును వెలిగించడానికి నారింజ, ఆపైన చర్మపు రంగు కలపాలనీ, ముదురు చేయడానికి దాని ఎదుటి రంగైన ముదురు ఆకుపచ్చ కొంచెం కలపాలనీ ఒక పాత అట్ట మీద 20 గళ్లు గీసి, రంగులు కలిపి చూసుకుంటే తెలిసింది. ఆ అట్ట ఇప్పటికీ నా ఎదుట గోడకు ఉంది.

పైగా ముసురు పట్టిన రోజున మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేని వార్నిష్ కొట్టాను. పది నిమిషాల్లో బొమ్మంతా మంచు కురిసినట్టు తెల్లబడింది. గుండె జారిపోయింది. రెండు రోజులు దాని జోలికి పోకుండా, ఎండ కాసిన రోజు చూసి పలుచగా మెరిసే (గ్లాసీ) వార్నిష్ కొడితే తెలుపు చాలావరకు పోయింది. ఆపైన మళ్లీ మ్యాట్ వేశాను. గాలిలో తేమ ఉన్న రోజు ప్రైమర్ డబ్బా గానీ, వార్నిష్ డబ్బా గానీ ముట్టుకోకూడదని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

మూడో ప్రతి దగ్గరికి వచ్చేసరికి పనిముట్లు కూడా మారాయి. అంతకుముందు చిన్న పనికి చిన్న కుంచె అనుకుని 000 నంబరు వాడేవాడిని. దాని పొట్టలో రంగు నిలవదు, బొమ్మను తాకేలోపే మొనలో ఎండిపోతుంది. ఇప్పుడు కళ్లకు కూడా 1వ నంబరే. సూది మొన ఉన్న కొలిన్స్కీ కుంచె, అంటే ఒక రకం ముంగిసలాంటి జంతువు తోక వెంట్రుకలతో చేసినది అయితే చాలు. పింగాణీ పళ్లెం మానేసి, తడిపిన స్పాంజి మీద బేకింగ్ కాగితం పరిచిన తడి పాలెట్ చేసుకున్నాను. కలిపిన రంగు గంటల తరబడి అలాగే ఉంటుంది, కాబట్టి నిన్నటి మధ్య రంగు కోసం ఇవాళ తడుముకోనక్కర్లేదు.

మెళకువల్లో నాకు బాగా పనికొచ్చింది గ్లేజ్. రంగులో నీళ్లు బాగా కలిపి, కుంచెను ముంచి, తడిని టిష్యూ కాగితానికి అద్ది, ఆ మిగిలిన కాస్త రంగుతో నీడ వైపుకు లాగాలి. కుంచె ఎక్కడ పైకి లేస్తుందో రంగు అక్కడ ఎక్కువ నిలుస్తుంది. నేను చాలాకాలం దీన్ని తలకిందులుగా, నీడ నుంచి వెలుగు వైపుకు లాగి, మరకలు ఎందుకు పడుతున్నాయా అని బాధపడ్డాను. పూత ఆరకుండా రెండోది వేస్తే మొదటిది చిరిగిపోతుంది. కంబళి ఒక్కదానికే 30కి పైగా పూతలు పట్టాయి.

కళ్లు అన్నిటికన్నా ముందు వేశాను. చెడినా చుట్టూ సరిదిద్దుకోవచ్చు. బొమ్మను పిడికి అంటించి, రెండు మోచేతులూ బల్లకు ఆనించి, మణికట్లు ఒకదానికొకటి తాకించి పట్టుకుంటే చెయ్యి వణకదు. కంటి గుంటలో ముదురు గోధుమ రంగు నింపి, దానిలో అంచులు మిగిలేలా తెలుపు కాని తెలుపు, అంటే కాస్త బూడిద కలిసిన తెలుపు గీత వేశాను. కుంచె మొనను బొటనవేలి గోరు మీద తాకించి ఎంత రంగు దిగుతుందో చూసుకున్నాను. ఊపిరి బిగబట్టి పై రెప్ప నుంచి కింది రెప్ప వరకు ఒక్క నిలువు గీత. కంటిపాపను చుక్కలా పెడితే బొమ్మ ఉలిక్కిపడినట్టుంటుంది, రెండు రెప్పలకూ తగిలితేనే చూపు నెమ్మదిస్తుంది. ఎడమ కన్ను నాలుగోసారికి కుదిరింది. ముసలాయన లాంతరు పక్క నుంచి దూరంగా చూశాడు. ఆ క్షణం నుంచి అది నాకు బొమ్మలా అనిపించలేదు.

ఇక లాంతరు. మొదటి రెండు ప్రతుల్లో లాంతరుకు పసుపు పూసి వదిలేశాను. ఈసారి ఆ వెలుగే మొత్తం బొమ్మను నడిపించాలనుకున్నాను. వెలుగు వెలుగులా కనబడాలంటే చుట్టూ చీకటి ఉండాలి. కాబట్టి కుడి వైపంతా చల్లని నీలం కలిపిన ముదురు రంగుల్లోకి దించాను. అద్దం మధ్యలో దాదాపు తెలుపు, దాని చుట్టూ పసుపు, ఆపైన నారింజ. బొమ్మ మొత్తంలో లాంతరు కన్నా తెల్లగా ఇంకేదీ లేకుండా చూసుకున్నాను. లాంతరుకు ఎదురుగా ఉన్న తలాలకే నారింజ ఛాయ వేశాను: ఎడమ చెంప, ముక్కు పక్క, కంబళి లోపలి మడత. దూరం పెరిగేకొద్దీ ఛాయను పలుచన చేశాను. ఎక్కడ వేయాలో తెలియనప్పుడు గదిలో దీపాలు ఆర్పి, లాంతరు పక్కన చిన్న టార్చి పట్టి చూశాను. పని అయ్యాక నలుపు తెలుపు ఫొటో తీస్తే మొదట కనబడింది లాంతరు, తర్వాత ముఖం.

పీఠం గురించి చాలామంది చివర్లో ఆలోచిస్తారు, నేనూ అంతే. మొదటి బొమ్మను వెడల్పాటి పలక నడుమ నిలబెడితే మైదానంలో తప్పిపోయినట్టుండేది. మూడోదానికి 4 సెంటీమీటర్ల చదరం, 6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చెక్క దిమ్మె తీసుకున్నాను. బొమ్మ కొంచెం ఎత్తుకు లేస్తే చూసేవారి కళ్లకు దగ్గరవుతుంది. ముఖం చూసే వైపు కాస్త ఖాళీ ఉండేలా పక్కకు జరిపాను. మడమలో 1 మిల్లీమీటరు రంధ్రం చేసి ఇత్తడి తీగ దిగ్గొట్టి సూపర్ గ్లూతో బిగించాను. నేల వేసేటప్పుడు లెక్క గుర్తుపెట్టుకోవాలి: 2 మిల్లీమీటర్ల ఇసుక రేణువు ఈ కొలతలో దాదాపు 5 సెంటీమీటర్ల రాయి అవుతుంది. అందుకని ఇసుకను జల్లెడ పట్టాను.

ఫొటో విషయంలో ఒక్క మాట. తెల్ల నేపథ్యం పెడితే కెమెరా దాన్ని చూసి మోసపోయి బొమ్మను నల్లబరుస్తుంది. బూడిద రంగు కాగితం, ట్రేసింగ్ కాగితం అడ్డుపెట్టిన రెండు దీపాలు, స్టాండు, రెండు సెకన్ల టైమరు చాలు. ఫోనును బొమ్మ ముఖం మీదికి తోయకుండా, వెనక్కి జరిగి తీసి తర్వాత కత్తిరించుకుంటే ముక్కు ఉబ్బదు.

మరుసటి ఏడు అదే ప్రదర్శనలో, అదే పెద్దాయన, మళ్లీ చెయ్యి చాచినంత దూరంలో ఆగారు. కాసేపటికి మోకాళ్లు వంచి, తన కళ్లు లాంతరు ఎత్తుకు వచ్చేదాకా దిగి, ముసలాయన చూస్తున్న వైపు తనూ చూశారు. వెండి పతకం వచ్చింది. అడగకముందే ఆయన కర్ర వైపు వేలు చూపించారు. లాంతరుకు అవతలి పక్కన, వెలుగు చేరని చోట, నేను సన్నని నారింజ గీత వేసి ఉన్నాను. ఆ రాత్రే దాన్ని ముదురు నీలంతో కప్పాను.