పెరటి వేప దించిన రోజు

ప్రొద్దుటూరు, జనవరి. పొద్దున ఏడింటికి ఆకు కదలడం లేదు. పెద్ద మాను దించే పనికి ఈ నెలలే మేలు. ఆషాఢం గాలి మొదలైందంటే మన సీమలో కొమ్మ మీదికి మనిషిని ఎక్కించకూడదు. అప్పుడు పని సగం రోజు కూడా సాగదు, కూలి మాత్రం పూర్తిగా ఇచ్చుకోవాలి.

ఇంటి వెనక గోడకు ఆరడుగుల దూరంలో వేప. రొమ్ము ఎత్తున చుట్టుకొలత 60 అంగుళాలు, అంటే అడ్డంగా 19. ఎత్తు 40 అడుగుల లోపు. ఎత్తు తెలియాలంటే చెట్టెక్కక్కర్లేదు. కంటి నుంచి చాపిన పిడికిలి దాకా ఎంత పొడవో, పిడికిలి పైన అంత కట్టె నిలబడేలా పట్టుకుని, దాని అడుగు చెట్టు మొదలుతోనూ కొస చెట్టు చివరతోనూ కలిసేదాకా వెనక్కి నడవాలి. ఆగిన చోటు నుంచి చెట్టు దాకా ఎంత దూరమో, ఎత్తూ అంతే. ఈ పెరట్లో ఖాళీ 18 అడుగులు. మానును నిలువునా పడెయ్యడం కుదరదు. ముక్కలుగా దించాల్సిందే.

ఖర్చు తేలేదీ ఇక్కడే. కొయ్యడానికి అయ్యే డబ్బు తక్కువ, దించడానికే ఎక్కువ. చుట్టూ బయలుంటే ఒక పూటలో ముగిసే పని, రేకుల కప్పు పక్కన రెండు రోజులు పడుతుంది. బేరం ఆడేటప్పుడు ఎక్కే పనికి దినకూలి, మోసే పనికీ ఊడ్చే పనికీ గుత్త అని విడగొట్టుకోవడం మంచిది. మొత్తం గుత్తకిస్తే పైనున్నవాడు తొందరపడి పెద్ద ముక్కలు వదులుతాడు. పక్కింటి సిమెంటు రేకులు పగిలితే మిగిలిందంతా అక్కడికే పోతుంది. మొద్దు తవ్వడం బేరంలో ఉందా లేదా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. గొడవలన్నీ దాని దగ్గరే వస్తాయి.

అనుమతి పని ముందే అయిపోయింది. పెరడు సొంతదే, చెట్టూ సొంతదే అయినా, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. నరికే ముందు మునిసిపాలిటీలోనూ అటవీశాఖ ఆఫీసులోనూ అడగాలి. దుంగ బండెక్కడానికి రవాణా పర్మిట్ కావాలేమో కూడా అక్కడే కనుక్కోవాలి. కడప జిల్లాలో ఇంకో మాట: పెరట్లో మొలిచింది ఎర్రచందనమైతే అటవీశాఖ కాగితం చేతికొచ్చేదాకా కొడవలి కూడా తాకించొద్దు.

కరెంటు తీగ సంగతి. ఇంటికొచ్చే సర్వీసు వైరు కొమ్మల్లోంచే పోతోంది. లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గరే విప్పాడు. ఇంట్లో మెయిన్ ఆపితే చాలనుకుంటారు కొందరు. మెయిన్ ఆపినా స్తంభం నుంచి మీటరు దాకా తీగలో కరెంటు ఉంటుంది. పచ్చికొమ్మలో నీరుంటుంది కాబట్టి అది తీగను తాకినా షాకే. వీధిలో 11 కేవీ లైను దగ్గరైతే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపారన్న హామీ) తీసుకోనిదే ఎవరూ ఎక్కకూడదు.

ఎక్కే ముందు కింద నుంచి చూడాల్సినవి: తేనెతుట్టె, తొర్ర, ఎండిన కొమ్మ, కొమ్మల పంగలో చీలిక. సుత్తితో మానును చుట్టూ తట్టితే డొల్ల ఉన్నచోట చప్పుడు మారుతుంది. వేపకొమ్మ పెళుసు, చెప్పకుండా విరుగుతుంది. చింత అలా కాదు, తొందరగా విరగదు. మునగ మీద అసలు బరువు పెట్టకూడదు. ఎక్కినవాడికి రెండు తాళ్లుండాలి. ఒకటి మార్చుకునేటప్పుడు రెండోది తగిలించే ఉండాలి. పైన పెట్రోలు రంపం వద్దు, చేతిరంపం చాలు. ఆ మిషను ఒంటిచేత్తో పట్టుకుని కోసేవాడు కొమ్మతో పాటు తన తాడూ కోసుకుంటాడు.

కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు, దానికి అంగుళం అవతల పై నుంచి పూర్తిగా, కొమ్మ పోయాక మిగిలిన మోడు. కింది కోత లేకుండా పై నుంచే కోస్తే బరువుకు కొమ్మ చీలి బెరడు మాను వెంట కిందిదాకా ఊడొస్తుంది. ఎక్కినవాడి తాడు ఉండేదీ సరిగ్గా అక్కడే.

రేకుల మీదికున్న కొమ్మలకు మోకు కట్టాం. 16 మి.మీ. మోకును కోసే కొమ్మకన్నా పైనున్న పంగలోంచి వేసి, కింద మాను మొదట్లో రెండు మూడు చుట్లు తిప్పితే ఒక్క మనిషి నిదానంగా వదలగలడు. చేతికి చుట్టుకోకూడదు. కొమ్మ మొదట్లో కడితే కొస ముందు వాలి రేకులను గీకుతుంది, కొసన కడితే మొదలు ఊగి గోడను గుద్దుతుంది. బరువు సమంగా తూగేచోట ఒక కట్టు, పక్కకు లాగడానికి కొసన సన్నతాడు ఇంకొకటి ఉండాలి. ముడి వేసినచోట తాడు బలం సగం దాకా తగ్గుతుంది. జారుడు కుదుపుకు బరువు ఎన్నో రెట్లవుతుంది. అందుకే ముక్క 60 కిలోలు దాటనివ్వం. పచ్చి కట్టె బరువు ఇంచుమించు నీళ్లంతే. అడుగు మందం, మూడడుగుల పొడవున్న ముక్క 65 కిలోలకు పైనే. మందం రెట్టింపైతే బరువు నాలుగింతలు. లావు కొమ్మలను పొట్టిగా కోయడం అందుకే. ఎండకు తెల్లబోయి పీచు లేచిన ప్లాస్టిక్ తాడు బట్టలారేసుకోవడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు.

మధ్యాహ్నానికి 14 అడుగుల మోడు మిగిలింది. 18 అడుగుల ఖాళీలో అది పడుతుంది. పడే దిక్కున మొదట్లో నోరు, అంటే నోరు తెరిచినట్టుండే గంటు, కోశాం. లోతు అడ్డకొలతలో నాలుగో వంతు, అంటే 5 అంగుళాలు. వెనక కోత నోటి అడుగుకు రెండంగుళాలు పైన. రెండు కోతలకూ మధ్య రెండంగుళాల కట్టె కోయకుండా ఉంచాలి, తలుపు బందులాగా మానును తిప్పేది అదే. ఆత్రంగా దాన్నీ కోసేస్తే చెట్టు ఎటు పడేదీ ఎవరి చేతిలోనూ ఉండదు. వెనక కోతలో చెక్క చీలలు దిగగొట్టి, పైన కట్టిన మోకును దూరం నుంచి బిర్రుగా లాగాలి. కోసేవాడికి వెనక్కి ఏటవాలుగా దావ ముందే ఖాళీ చేసి ఉండాలి. పడేచోట మండలు పరిచాం, లేకుంటే దుంగ పగులుతుంది. రంపం నుంచి చెక్కపొట్టు కాక పిండి రాలుతుంటే పళ్లు మొండివైనట్టు. బట్టల తీగ కట్టిన మానులో పాత మేకులుంటాయి, కట్టెలో నల్లటి మరక కనబడితే కోత చోటు మార్చాలి.

డబ్బు తిరిగొచ్చేది దుంగలోంచే. కోతమిల్లు లెక్క ఇది: చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 60 అంగుళాల చుట్టు, 8 అడుగుల దుంగ ఆ లెక్కన 12.5 ఘనపుటడుగులు. నిజంగా అందులో ఉండేది దాదాపు 16. వాడుక అదే కాబట్టి వాదించి లాభం లేదు, ధర అడిగేటప్పుడు గుర్తుంటే చాలు. పొడవు మాత్రం మన చేతిలోది. వాకిలి చట్రానికి ఏడడుగుల పైన కావాలి. మోయడం సులువని రెండేసి అడుగులకు నరికితే వేపదుంగ కూడా పొయ్యికట్టె ధరకే పోతుంది. కోసిన చివరలకు పేడ పూస్తే పగుళ్లు తగ్గుతాయి. పొయ్యికట్టెలు తూకానికి పోతాయి కాబట్టి ఆ రోజే అమ్మాలి, రెండెండలకే బరువు దిగుతుంది. మండలు మేకలవాళ్లు ఊరికే తీసుకుపోయారు.

మొద్దును మాత్రం తవ్వించలేదు. ఇక్కడిది నల్లరేగడి. ఇన్నేళ్లూ చెట్టు తాగిన నీరు ఇకమీదట మట్టిలోనే ఉండి, వానకు నేల ఉబ్బుతుంది. దానికితోడు గోడ పక్కన పెద్ద గుంత తీస్తే పునాది కింద కదులుతుంది. గోడకు ఇప్పుడున్న బీటలు పూడ్చే పని ఒక వానాకాలం గడిచాక పెట్టుకోమని ఇంటివాళ్లకు చెప్పాం. అనంతపురం వైపు ఎర్ర గరుసు నేలైతే ఇంత భయం లేదు. అక్కడ జేసీబీతో పీకించదలిస్తే మొద్దును మూడడుగులు ఉంచి కోయాలి, గొలుసు పట్టుకుంటుంది. గేటు ఎనిమిదడుగులు లేకపోతే జేసీబీ లోపలికి రాదు, గడ్డపారే గతి.

నేలమట్టానికి కోసిన వేప చిగురిస్తుంది. మొద్దులో ఇంగువ పెట్టమంటారు, దాని మీద మాకు నమ్మకం లేదు. బెరడును నేల లోపలిదాకా చుట్టూ ఒలిచి, చిగురు వచ్చినప్పుడల్లా గిల్లేస్తే ఆకు లేక వేరు ఎండుతుంది. ఏడాది దాటినా దాటొచ్చు. రేపు లైన్‌మన్ వచ్చి వైరు కలపాలి, దుంగ మిల్లుకు పోవాలి.