గొయ్యి పూడ్చాక మొదలయ్యే పని

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో, అంటే నేలను పైనుంచే తవ్వే గనిలో, గొయ్యి పూడ్చేస్తే నేల బాగుపడినట్టే అనుకుంటారు చాలామంది. తవ్విన నేలను బాగుచేసే పనిలో ఉన్న నాకు మాత్రం అసలు టెన్షన్ నీళ్ల గురించే. తవ్వితీసిన రాయి, మట్టి వదులై ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. మళ్లీ నింపాక ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటాయి, అదీ ఒక్కోచోట ఒక్కోలా. ఇవాళ సరిగ్గా ఉన్న వాలు కొన్నాళ్లకు నీళ్లు నిలిచే గుంటైపోవచ్చు.

అమెరికాలో 1977 నాటి చట్టం నేలను దాదాపు పాత ఆకృతికి తేవాలంటుంది. మంచి నియమమే. కానీ పైకి కనిపించే రూపం ఒక్కటే చాలదు. సహజమైన కొండవాలు పైన నిటారుగా ఉండి, దిగేకొద్దీ ఏటవాలు తగ్గుతుంది. వాగు వంకర్లు తిరుగుతూ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మెట్లుమెట్లుగా కోసి తిన్నటి కాలువలు వేస్తే చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, గట్టి వాన వస్తే ఎక్కడో ఒకచోట తెగుతుంది.

అందుకే ఈసారి వంపులతోనే వాగు తీశాం. మొన్న పెద్ద వాన పడింది. వాగు నిలిచింది! కొట్టుకొచ్చిన ఒండ్రు కింది చెరువులోనే ఆగింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

పై అంచున మాత్రం సన్నని కోత పడింది. డంపర్లు తొక్కి నేల గట్టిపడిన చోటు అది, నీరు ఇంకక పారింది. అక్కడ లోతుగా దున్ని, విడిగా దాచిన పైమట్టి పరిచి, వెంటనే గడ్డి విత్తనాలు చల్లుతున్నాం.