జీడి తొక్కను అలాగే తగలబెట్టకండి

జీడి ఫ్యాక్టరీలున్న పలాస, కాశీబుగ్గల్లో పొగ తగ్గాలంటే ముందు జీడి తొక్క సంగతి చూడాలి. 80 కిలోల జీడి పిక్కల బస్తా కొట్టిస్తే సగానికి పైగా తొక్కే మిగులుతుంది. దాని నిండా చేతికి తగిలితే చర్మం పొక్కించే నూనె. పిండకుండా బాయిలర్‌లో వేస్తే ఆ నూనె సరిగా కాలదు. నల్లటి పొగ, గొట్టం లోపల తారులాంటి జిగురు, ఇరుగుపొరుగుకు కళ్లమంట!

అదే తొక్కను ఎక్స్‌పెల్లర్‌లో (నూనె పిండే మిషన్‌లో) ఆడిస్తే, వచ్చిన నూనెను రంగులకీ బ్రేక్ లైనింగులకీ కొంటారు. మిగిలిన పిప్పి మళ్లీ బాయిలర్‌కే. అయితే దాన్నీ గంపలకొద్దీ కుమ్మరించకూడదు. కొంచెం కొంచెంగా వేస్తూ ఫ్యాన్‌తో గాలి బాగా అందించాలి. తడి పిప్పి అసలు వద్దు.

చిన్న యజమానులకు సొంత మిషన్ భారమే, నిజం. నలుగురైదుగురు కలిసి ఒకటి పెట్టుకోవాలి, నూనె డబ్బు తొక్క లెక్కన పంచుకోవాలి.