మొటిమల గుంటలకు ఏ చికిత్స? నేను తేల్చుకున్న తీరు

మొటిమలు తగ్గుముఖం పట్టాక నా చెంపల మీద గుంటలు, కణతల దగ్గర సూదితో గుచ్చినట్టున్న రంధ్రాలు, దవడ వెంట గోధుమ రంగు మరకలు మిగిలాయి. వెలుతురు ఎదురుగా పడినప్పుడు పెద్దగా తెలియవు. పక్కనుంచి పడితే మాత్రం ప్రతి గుంటా తన నీడతో సహా బయటపడుతుంది. చికిత్స చేయించుకోవాలన్న నిర్ణయం త్వరగానే తీసుకున్నాను. ఏ చికిత్స అన్న దగ్గరే చాలా కాలం ఆగిపోయాను. లేజర్, సన్నని సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్, ఆసిడ్ పూసి చర్మం పై పొర రాలేలా చేసే పీల్, మన రక్తంతోనే చేసే పీఆర్‌పీ, గుంటను నింపే ఫిల్లర్లు... ఎవరిని అడిగితే వారు తమకు తెలిసినదే మేలంటారు. వీటిలో దేన్ని ఎందుకు ఎంచుకున్నానో, దేన్ని ఎందుకు పక్కన పెట్టానో రాస్తున్నాను. ఇదే ఆలోచనలో ఉన్నవారికి కొంతైనా పనికొస్తుందని నా ఆశ.

మొదట వెళ్లిన చోట నా ముఖాన్ని తాకి చూడనైనా లేదు. బల్లకు అవతలి నుంచే చూసి లేజర్ ప్యాకేజీ రాసి చేతికిచ్చారు. ఎన్ని విడతలో, ఎంతవుతుందో చెప్పారు గాని, నా చర్మానికి అది సరిపడుతుందా అన్న ప్రసక్తే రాలేదు. లేజర్ అంటే చర్మానికి కావాలని గాయం చేసి, అది మానే క్రమంలో చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా పుట్టేలా చూడడం. గాయం చేయబోయే చోటును పరీక్షించకుండా అలాంటి సలహా ఇవ్వడం నాకు సుతరామూ నచ్చలేదు. ఆ కాగితం తీసుకుని వచ్చేశాను, మళ్లీ అక్కడికి వెళ్లలేదు.

తర్వాత చూపించుకున్న చర్మ వైద్యురాలు గదిలో పెద్ద దీపం ఆర్పేసి, చిన్న దీపాన్ని నా చెంప పక్కన పట్టుకున్నారు. వేళ్లతో చర్మాన్ని ఇటూ అటూ లాగి చూశారు. కొన్ని చోట్ల మెల్లగా నొక్కి, అడుగున గట్టిగా ఉందో మెత్తగా ఉందో గమనించారు. అంతా అయ్యాక అద్దం నా చేతికిచ్చి, ముందుగా రంగును లోతు నుంచి విడదీసి చూడమన్నారు. దవడ మీది గోధుమ మరకలు గుంటలు కావు. మొటిమ వాచినప్పుడు అక్కడ మెలనిన్ ఎక్కువగా తయారై మిగిలిపోయిన రంగు అది. కొన్ని చోట్ల ఎర్రగా ఉన్నది కూడా వాపు వల్ల వెడల్పైన సన్నని రక్తనాళాల వల్లే. ఈ రెండూ నెలలు గడిచేకొద్దీ వాటంతట అవే పలచబడతాయి, ఎండ నుంచి కాపాడుకుంటే ఇంకా త్వరగా. అజెలాయిక్ ఆసిడ్, విటమిన్ ఎ జాతికి చెందిన రెటినాయిడ్ క్రీములు ఇందుకు తోడ్పడతాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టిన వాటిలో సగం నిజానికి ఈ మరకలే. వాటికి సూదులూ లేజర్లూ అక్కర్లేదని వినగానే గుండె బరువు దిగింది.

ఇక అసలు గుంటలు. వీటిలో ప్రధానంగా మూడు రకాలున్నాయి. ఐస్ పిక్ అనేవి పైన రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉంటాయి, కింద మాత్రం లోతుగా దిగుతాయి. నా కణతల మీదివి ఇవే. బాక్స్‌కార్ అనేవి అంచులు నిటారుగా తెగినట్టుండి, అడుగు చదునుగా ఉండే గుంటలు. రోలింగ్ రకానికి అంచు స్పష్టంగా ఉండదు, చర్మం ఎత్తుపల్లాలుగా కనిపిస్తుంది. బొంతకు కుట్టు పడిన చోట గుడ్డ లోపలికి దిగినట్టు, ఇక్కడ చర్మాన్ని అడుగునున్న పీచులాంటి పట్టీలు కిందికి లాగి పట్టుకుంటాయి. చర్మాన్ని వేళ్లతో సాగదీస్తే ఈ రకం చాలావరకు చదునవుతుంది. ఐస్ పిక్ మాత్రం ఎంత లాగినా అలాగే ఉంటుంది. నా చెంపల మీద ఎక్కువ భాగం రోలింగ్, మధ్యమధ్య లోతు తక్కువ బాక్స్‌కార్ గుంటలు ఉన్నాయని అలా తేలింది. చాలామందిలో ఇలా కలగలిసే ఉంటాయట. ఛాతీ మీద, భుజాల మీద ఉబ్బెత్తు మచ్చలు వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా కెలాయిడ్ (గాయం హద్దు దాటి పెరిగే మచ్చ) ఉందా అని కూడా డాక్టర్ గారు అడిగారు. ఉంటే దారే వేరు. గాయం చేసే చికిత్స ఏదైనా వారికి కొత్త ఉబ్బును తెచ్చిపెట్టవచ్చు.

ఈ పరీక్షతో నా ఆలోచన తీరే మారింది. అప్పటిదాకా ఏ యంత్రం మంచిదని వెతికాను. అక్కడి నుంచి ఏ గుంటకు ఏది, ఏది ముందు, ఏది తర్వాత అని ఆలోచించడం మొదలుపెట్టాను. రోలింగ్ గుంటను అడుగున పట్టీ లాగుతూ ఉంటే, పైపైన లేజర్ ఎన్నిసార్లు చేసినా ఆ లాగుడు పోదు. ఐస్ పిక్ లోతుకు మామూలు పీల్ చేరదు. ఈ రెండు సంగతులు తెలియకుండా విడతల లెక్క మాట్లాడుకోవడంలో అర్థం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వీటన్నిటికన్నా ముందు జరగాల్సిన పని కొత్త మొటిమలు ఆగడం. నా గడ్డం దగ్గర అప్పటికింకా అడపాదడపా వస్తూనే ఉన్నాయి. ఒక పక్క పాత గుంటలు పూడుస్తుంటే మరో పక్క కొత్తవి పడితే ఫలితం ఏముంటుంది? అందుకని కొన్ని నెలల పాటు రాత్రిళ్లు అడాపలీన్ జెల్ రాసుకున్నాను. మొటిమలను అదుపులో ఉంచే ఈ రెటినాయిడ్, లోతు తక్కువ గుంటలను కూడా కొంత మెరుగుపరుస్తుంది. గర్భిణులు మాత్రం రెటినాయిడ్లకు దూరంగా ఉండాలి.

అంతకుముందు మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడి ఉన్నాను కాబట్టి గుంటల చికిత్సకు ఆరు నెలలు ఆగాలేమోనన్న సందేహం ఉండేది. ఒకప్పుడు అందరికీ అదే నియమం. 2017లో కొందరు చర్మ నిపుణులు అప్పటివరకు ఉన్న ఆధారాలను పరిశీలించి, మైక్రోనీడ్లింగ్, పైపైన చేసే పీల్, చర్మంలో కొంత భాగాన్నే తాకే ఫ్రాక్షనల్ లేజర్ వంటి వాటిని వాయిదా వేయడానికి తగిన ఆధారం లేదన్నారు. చర్మాన్ని యంత్రంతో అరగదీసే డెర్మాబ్రేషన్, పై పొరను మొత్తంగా తీసేసే లేజర్ మాత్రం వద్దనే అన్నారు. మాత్రలు వాడిన సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చేది వారే.

లేజర్ గురించి ఎక్కువ రోజులు ఆలోచించాను, ఎందుకంటే దాని బలం నిజమైనదే. 2004లో వచ్చిన ఫ్రాక్షనల్ పద్ధతిలో కిరణం ముఖం మొత్తాన్ని కాల్చదు. చర్మంలోకి సన్నని నిలువు స్తంభాలుగా దిగుతుంది, వాటి మధ్య వదిలేసిన మంచి చర్మం గాయాన్ని త్వరగా మాన్పుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10,600 నానోమీటర్ల కిరణం. దాన్ని చర్మకణాల్లోని నీరు పీల్చుకుని ఆవిరవుతుంది. బాక్స్‌కార్ గుంటల అంచులను ఇది బాగా తగ్గిస్తుంది. నా ఇబ్బంది నా రంగుతో. చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి ఆరు తరగతులుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో నాది అయిదో తరగతి. ఇలాంటి చర్మంలో వేడి తగిలితే మెలనిన్ రెచ్చిపోతుంది, లేజర్ పడిన చోటల్లా నెలల తరబడి నల్లగా ఉండిపోవచ్చు. డాక్టర్ గారు లేజర్ వద్దే వద్దనలేదు. శక్తి తగ్గించి, స్తంభాల మధ్య ఎడం పెంచి, ముందు చెవి దగ్గర చిన్న చోట పరీక్షించి చేయవచ్చన్నారు. మరకలు తగ్గడానికి అన్ని నెలలు ఎదురుచూశాను, మళ్లీ వాటినే కొని తెచ్చుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు. పైగా వారం దాకా ముఖం వాచి పక్కు కట్టి ఉంటుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా నలుగురితో మాట్లాడే ఉద్యోగం నాది.

మైక్రోనీడ్లింగ్‌లో వేడి లేదు. సూదులు చర్మంలోకి సన్నని దారులు చేస్తాయి, వాటిని మాన్పే ప్రయత్నంలో శరీరం కొల్లాజెన్ తయారుచేస్తుంది. నల్లబడే ముప్పు చాలా తక్కువ. ఒక్కో విడతకు వచ్చే ఫలితం లేజర్ కన్నా తక్కువే, అందుకని ఓపిక ఎక్కువ కావాలి. నా చర్మానికి ఆ బేరమే మేలనిపించింది. సూదుల చివర నుంచి రేడియో తరంగాల వేడిని లోపలి పొరకే పంపే రకం కూడా ఉంది. పై పొరకు వేడి తగలకుండా సూదుల మొదళ్లకు పూత ఉంటుంది కాబట్టి చామనచాయ వారికీ నప్పుతుంది. దాన్ని తర్వాతి మెట్టుగా ఉంచుకున్నాం.

మొదట చేసింది సబ్‌సిజన్. చెంపలకు మత్తు సూది ఇచ్చి, రోలింగ్ గుంటల కింద సూదిని దూర్చి, విసనకర్ర విప్పినట్టు అటూ ఇటూ కదుపుతూ పట్టీలను తెంపారు. నొప్పి అంతగా లేదు గాని, తెగుతున్నప్పుడు కరకరమన్న చప్పుడు లోపల స్పష్టంగా వినిపించింది. దాని గురించి ముందే చెప్పి ఉండడం వల్ల భయపడలేదు. రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నారా అని ముందుగా అడిగారు, ఎందుకంటే కమిలిపోవడం ఇందులో మామూలే. ముఖం వాచింది, కమిలిన నీలం పసుపుగా మారి పోవడానికి కొంతకాలం పట్టింది. చెంప మీది పెద్ద ఎత్తుపల్లాలు తగ్గడం నాకు మొదట కనిపించింది దీనితోనే. అన్నిటిలోకీ దీని గురించే తక్కువమంది మాట్లాడతారు, నా ముఖానికి ఎక్కువ మేలు చేసింది ఇదే.

కణతల మీది ఐస్ పిక్ గుంటలకు టీసీఏ క్రాస్ చేశారు. 2002లో వెలుగులోకి వచ్చిన పద్ధతి ఇది. 65 నుంచి 100 శాతం గాఢత ఉన్న ట్రైక్లోరోఅసిటిక్ ఆసిడ్‌ను పుల్ల మొనతో ఒక్కో గుంట అడుగుకే అంటిస్తారు. క్షణాల్లో ఆ చుక్క తెల్లబడుతుంది, మంట పుడుతుంది, తర్వాత పక్కు కట్టి రాలిపోతుంది. కొన్ని వారాల ఎడంతో మళ్లీ చేస్తారు. ఆసిడ్ అంచు దాటి పక్క చర్మానికి తగిలితే గుంట వెడల్పవుతుంది, చుట్టూ నల్లని వలయం పడుతుంది. ఈ ఆసిడ్‌ను ఎవరైనా తెప్పించుకోగలరన్న సంగతి నన్ను నిజంగా కలవరపెడుతుంది. దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి. ముఖం మీద దొర్లించే పొడవు సూదుల రోలర్ విషయంలోనూ నాది ఇదే మాట. ఇన్ఫెక్షన్ వస్తే ఉన్న గుంటలకు కొత్తవి తోడవుతాయి.

మైక్రోనీడ్లింగ్ రోజున మత్తు క్రీము రాసి గంటసేపు కూర్చోబెట్టారు. నుదుటి దగ్గర, పై పెదవి దగ్గర నొప్పి తెలిసింది, చెంపల మీద ఓర్చుకోగలిగినంతే. చుక్కచుక్కలుగా రక్తం వస్తుంది, తుడిచేస్తారు. రెండు మూడు రోజులు ముఖం ఎర్రగా ఉంటుంది. విడతకూ విడతకూ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. ఒక విషయం ముందే తెలిసి ఉండడం మంచిది: చేసిన మర్నాడు గుంటలు మాయమైనట్టు కనిపిస్తాయి. అది వాపు. వాపు దిగగానే అవి మళ్లీ కనిపిస్తాయి, దాంతో చికిత్స విఫలమైందనుకుని మానేసేవారున్నారు. కొల్లాజెన్ ఏర్పడి కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అందుకే రోజూ అద్దంలో వెతుక్కోవడం మానేసి, అదే గోడ దగ్గర, అదే దీపం పక్కన పెట్టి, నవ్వకుండా నెలకోసారి ఫోటో తీసుకున్నాను. తేడా ఆ ఫోటోల్లోనే తెలిసింది.

మన రక్తం నుంచే ప్లేట్‌లెట్లను వేరుచేసి వాడే పీఆర్‌పీని సూదులతో పాటు చేస్తామన్నారు. అది తోడుగానే తప్ప ఒంటరిగా పెద్దగా పనిచేయదని డాక్టర్ గారే చెప్పడంతో వద్దనుకున్నాను. హయలురోనిక్ ఆసిడ్ ఫిల్లర్ గుంటను వెంటనే పైకి లేపుతుంది గాని కొన్ని నెలల్లో కరిగిపోతుంది. ఏదైనా ముఖ్యమైన రోజు దగ్గర పడినవారికి అది ఉపయోగమే, నాకు ఆ అవసరం లేకపోయింది.

సన్‌స్క్రీన్ విషయంలో మాత్రం రాజీ పడలేదు. మామూలు వెలుతురు కూడా మా రంగు చర్మంలో మరకలను ముదురుగా చేస్తుంది కాబట్టి, ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్‌ను ఎంచుకున్నాను.

చర్మాన్ని మొటిమలు రాకముందు ఉన్నట్టు చేస్తానని డాక్టర్ గారు ఒక్కసారి కూడా అనలేదు. తగ్గుతాయి, పోవు అన్నారు. ఆ మాట మొదట బాధించినా, ఆమె మీద నమ్మకం కుదిరింది దానివల్లే. ముఖం చూసి జాలిపడే చూపులు ఎంత నొప్పిస్తాయో నాకు తెలుసు. ఇదంతా అందం కోసం పడే ఆరాటమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. తల వంచుకోకుండా మాట్లాడాలనుకోవడం చిన్న కోరికేమీ కాదు.

ఇప్పుడు చెంపలు పక్క వెలుతురులో కూడా చాలావరకు చదునుగా ఉన్నాయి. మరకలు పోయాయి. ఎడమ కణత మీద లోతైన ఐస్ పిక్ గుంటలు కొన్ని ఆసిడ్‌కు లొంగలేదు. వాటిని పంచ్ అనే చిన్న గుండ్రటి కత్తితో కోసి తీసి కుట్టు వేయవచ్చని, గుంట ఉన్న చోట సన్నని గీత మిగులుతుందని చెప్పారు. ఆ గీత నాకు సమ్మతమే. చేయించుకోబోతున్నాను.