ఒంగోలు దారిలో ముందు టైరు

నెల్లూరు నుంచి ఒంగోలుకి 16వ నంబరు జాతీయ రహదారి మీద 120 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కారువాళ్లు రెండు గంటల్లో పోతారు. నాది సైడు చక్రాలు కట్టించిన హోండా యాక్టివా 6జి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది, అందుకే ఈ బండి. అందరూ మూడు చక్రాల బండి అంటారు, లెక్కపెడితే నాలుగు. నలభై దాటించను. ఒంగోల్లో మా మేనత్త కూతురి గృహప్రవేశం. అసలే మే నెల. ఎండ ముదరకముందే చేరాలని మా మేనల్లుణ్ణి వెనక ఎక్కించుకుని చీకటితోనే బయల్దేరాను.

పెన్నా వంతెన దాటి కోవూరు వచ్చేసరికి హ్యాండిలు ఎడమకి లాగడం మొదలైంది. లాగడం కొత్త కాదు. వాన నీళ్లు జారిపోవడానికి రోడ్డును అంచువైపు వాలుగా వేస్తారు. మామూలు స్కూటరైతే ఆ వాలు మీద కూడా నిటారుగానే పోతుంది. సైడు చక్రాల బండి మాత్రం రోడ్డు ఎటు వాలితే తానూ అటే వాలుతుంది. నెమ్మదిగా పోయేవాళ్లం ఎడమ అంచునే పోవాలి, వాలు తప్పదు. కిందికి జారే బండిని కుడికి పట్టి ఉంచుతూ ఉంటే ముందు టైరు ఎడమ భుజం, అంటే నడిమికీ పక్కగోడకీ మధ్య ఉండే అంచు, రోడ్డుకి రాసుకుంటూనే ఉంటుంది. మలుపుల్లోనూ అంతే, బండి ఒరగదు కాబట్టి భారమంతా టైరు పక్కకి పడుతుంది. అయితే ఆ రోజు లాగుడు మామూలుగా లేదు. రెండు చేతులూ బిగపట్టాల్సి వచ్చింది.

కావలిలో హైవే దిగి ట్రంకు రోడ్డులో కారం దోశ తిన్నాం. మా మేనల్లుడు చెయ్యి కడుక్కుని వచ్చి టైరు దగ్గర కూచున్నాడు. "మామా, ఈ పక్క నున్నగా ఉంది, ఆ పక్క కొత్తదిలాగుంది" అన్నాడు. వేలు పెట్టి చూశాను. కుడివైపు గాడులు బాగానే ఉన్నాయి, మధ్యలో పర్వాలేదు, ఎడమ భుజం మీద మాత్రం గీత కూడా మిగల్లేదు.

టైర్ల కొట్టుకి పోతే అక్కడాయన కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు. "మధ్యలో లైన్లు ఉండాయి గదన్నా. ఒంగోలేంది, బెజవాడ దాకా పోతాది." రెండు చక్రాల బండికైతే ఆయన మాట నిజమే, అక్కడ అరిగేది మధ్యే. నా బండి చుట్టూ ఒకసారి తిప్పి చూపించాను. "అవును సామీ, ఇది పక్కకి తింటా ఉంది" అని ఒప్పుకున్నాడు.

కొట్టులో ఎక్కువగా ఉన్నవి 90/100-10 (చివరి అంకె చక్రం సైజు, అంగుళాల్లో). పాత యాక్టివాలకి ముందూ వెనకా అదే సైజు. 6జికి వెనక అదే ఉంచి, ముందుకి 90/90-12 ఇచ్చారు. కాబట్టి వెనకది ముందుకి పనికిరాదు. వెతగ్గా వెతగ్గా ముందు సైజువి కొన్ని దొరికాయి. ఒకటి లోతు గాడులతో, ముక్కలు ముక్కలుగా, చూపుకి బలే ఉంది. మావాడు దాని మీదే చెయ్యి వేశాడు. నేను వద్దన్నాను. ఆ ముక్కలు పక్కనుంచి తోపు పడితే వంగుతాయి, వంగిన చోటల్లా ముందు అరుగుతాయి. ఒరిగి మలుపు తిరిగేవాడికి గుండ్రటి భుజం కావాలి. నాకు కావాల్సింది మధ్యలో తెగకుండా పోయే రబ్బరు, బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండే పక్కగోడ. అలాంటిదే తీసుకున్నాను. మీద 54జె అని ఉంది: 54 అంటే 212 కిలోల బరువు, జె అంటే గంటకి 100 కిలోమీటర్ల వేగం. నాకు రెండూ ఎక్కువే. తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు కూడా చూశాను. ఖర్చు రెండు వేల రూపాయల లోపే అయింది.

అమెరికాలో గోల్డ్‌వింగ్ లాంటి పెద్ద బళ్లని మూడు చక్రాలు చేసుకున్నవాళ్లలో కొందరు ముందు చక్రానికి వెనక టైరే వేస్తారు, అదీ బాణం గుర్తు తిరగేసి. వెనక చక్రం తోస్తుంది, ముందు చక్రం ఎక్కువగా బ్రేకు బలం మోస్తుంది. రబ్బరు మీద పడే లాగుడు దిశ మారుతుంది కాబట్టి బాణమూ మారాలి. నేను కొన్నదాని మీద ముందు చక్రానికో బాణం, వెనక చక్రానికో బాణం విడివిడిగా అచ్చేసి ఉన్నాయి. బిగించే కుర్రాడు వెనక బాణం చూసి పెట్టబోతే మావాడే ఆపాడు.

సైడు చక్రాల కిట్టు బిగించినప్పుడే మధ్య స్టాండు తీసేశారు. జాకీ పెట్టి, కింద దుంగ తోసి ముందు లేపారు. వాల్వు పిన్ను తీసి గాలంతా పోనిచ్చి, అంచు విడగొట్టి, రాడ్లతో పాతది ఊడదీశాడు. రాడ్డు కింద గుడ్డ పెట్టమన్నాను. ట్యూబు లేని టైరుకి రిమ్ము అంచున గాటు పడితే గాలి అక్కడే పోతుంది. వాల్వూ కొత్తదే వేయించాను. సబ్బు నీళ్లు పూసి, టైరు మీది పసుపు రంగు చుక్క సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టి ఎక్కించాడు. పిన్ను లేకుండా కంప్రెషరు గాలి వదిలితే టప్పు టప్పుమని రెండు పక్కలా కూచుంది. రిమ్ము వెంబడి సన్నగీత చుట్టూ సమానంగా కనపడుతోందో లేదో తిప్పి చూసుకున్నాను.

తర్వాత బ్రేకు డ్రమ్ము. బ్రేకు ప్లేటులోని గాడిలో ఫోర్కు మీది బొడిపె కూచోవాలి. అది తప్పితే బ్రేకు పట్టగానే ప్లేటే చక్రంతో పాటు తిరిగిపోతుంది. నట్టు బిగించకముందే వంగి చూశాను.

పేచీ గాలి దగ్గర వచ్చింది. ముందుకి 22 పీఎస్‌ఐ అన్నాను. కుర్రాడు 35 కొట్టి గొట్టం తీసేశాడు. "ఎండలన్నా, గట్టిగుంటే మంచిది." ఎండకి గాలి వేడెక్కి ఎలాగూ పెరుగుతుంది. పైగా నా బండికి కిట్టు బరువంతా వెనకే, వెనక మనిషి కూచుంటే ముందు ఇంకా తేలిక. అలాంటి చక్రంలో గాలి బిగిస్తే టైరు మధ్య నడిబొడ్డు మీదే నిలబడుతుంది, రోడ్డు మీద ఇసక పడి ఉంటే చాలు హ్యాండిలు తిప్పినా బండి తిన్నగా పోతుంది. ఇదంతా చెప్పే ఓపిక లేక గేజీ పెట్టించి 22కి దింపించాను. వాడు చివరిదాకా నా మొహం అనుమానంగానే చూశాడు.

కొత్త రబ్బరు మీద అచ్చులోంచి అంటిన జిడ్డు ఉంటుంది. అది పోయేదాకా ముప్ఫై మించలేదు. ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడిపండ్ల బుట్టలు బారుగా ఉన్నాయి. గృహప్రవేశానికి ఒకటి కొన్నాం. హ్యాండిలు ఇంకా ఎడమకి లాగుతూనే ఉంది, వాలు పోదుగా. కానీ ఒక చెయ్యి చాలు ఇప్పుడు. సింగరాయకొండ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. టంగుటూరు టోల్‌గేటు దగ్గర బైకుల సందులో సైడు చక్రాలు పడతాయో లేదోనని మావాడు దిగి ముందు నడిచాడు. పట్టాయి.

ఒంగోల్లో గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో మా వదిన తరపు పెద్దాయన ఒకరికి నాలాంటి బండే ఉంది. భోజనాలయ్యాక బయటికి తీసుకెళ్లి ఆయన బండి ముందు టైరు ఆయనకే చూపించాడు మావాడు. ఎడమ భుజం బోడి. "మధ్యలో బాగానే ఉంది గదయ్యా, ఆర్నెల్లు లాగిద్ది" అన్నాడాయన. ఆయనది పాత యాక్టివా, పదంగుళాల చక్రం. 90/100-10 అని ఆయన ఫోనులో రాసిపెట్టి, గాలి మాత్రం కొట్టువాడి ఇష్టానికి వదలొద్దని చెప్పాను.