రహీం సాబ్ వెళ్లొచ్చిన ఊళ్లు

మా బడికంతటికీ ప్రపంచ పటం ఒక్కటే ఉండేది. సోషల్ సారు పాఠం అయిపోగానే దాన్ని చుట్టి స్టాఫ్ రూములో బీరువా వెనక నిలబెట్టేవారు. వాన పడి గ్రౌండంతా బురదైన రోజున డ్రిల్లు సారు ఎవరో ఒకర్ని పంపి ఆ పటం తెప్పించేవారు. నల్లబల్ల పైనున్న మేకుకి తగిలించి, బెత్తం కొస హైదరాబాద్ మీద పెట్టేవారు. అక్కణ్ణించి బెత్తం హెల్సింకీకి పోయేది, మళ్లీ హైదరాబాద్ వచ్చేది. మెల్‌బోర్న్ పోయేది, వచ్చేది. రోమ్, జకార్తా కూడా అంతే. ఫిన్లాండ్ రాజధాని ఏదని పరీక్షలో అడిగితే మా సెక్షన్‌లో తప్పు రాసినవాడు లేడంటే ఆ పుణ్యం డ్రిల్లు సారుదే. ప్రతి ఊరి దగ్గరా ఆయన నోట వచ్చే పేరు ఒకటే, రహీం సాబ్.

భారత ఫుట్‌బాల్ జట్టుకి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో మన హైదరాబాద్‌లోనే పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. ఆ తర్వాత బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బడులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యి, కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆయన పోయేనాటికి నేను పలక పట్టుకునే వయసులో ఉన్నాను. కాబట్టి ఆయన్ని చూశానని చెప్పుకునే అదృష్టం నాకు లేదు. కానీ ఆయన పెట్టిన పోటీల్లో కుర్రాడిగా ఆడిన మనిషి నాకు డ్రిల్లు చెప్పారు. నేను రాసేదంతా ఆయన దగ్గర విన్నదీ, ఆ మీదట పెద్దల్ని అడిగి, దొరికింది చదివి సరిచూసుకున్నదీ.

రహీం సాబ్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆసియా క్రీడల్లో వచ్చిన రెండు బంగారు పతకాల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. పతకాలు గొప్పవే. నాకు మాత్రం ఆయన ప్రయాణాలే ముఖ్యంగా కనిపిస్తాయి. జట్టుతో ఏ దేశం వెళ్లినా అక్కడ తన కళ్లతో ఒకటి చూసేవారు, తిరిగొచ్చి ఇక్కడి మొరం నేల మీద ఏదో ఒకటి మార్చేవారు. ఆ మార్పులు పెద్ద జట్లతో ఆగకుండా మాలాంటి బడి పిల్లల కాళ్లదాకా వచ్చాయి.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో మొదలుపెట్టాలి. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్. దక్కన్ నుంచి వచ్చిన పోలీసు కుర్రాళ్లు 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించారు. బొంబాయిలో రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఎవరికీ ఇవ్వలేదు. ఈ ఐదేళ్ల సంగతి చెప్పేటప్పుడు మా సారు కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూపించేవారు. ఆ జట్టుకి శిక్షణ రహీం సాబ్‌ది. బంతి ఒకడి దగ్గర ఎక్కువసేపు ఉండకూడదు, పొట్టి పాసులతో గబగబా ముందుకు పోవాలి అన్నది ఆయన పద్ధతి. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగితే భారత జట్టు బాధ్యత ఆయనకే వచ్చింది. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరాన్ మీద గెలిచి బంగారు పతకం తెచ్చారు.

ఆ మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. మన ఒక్క గోలు అహ్మద్ ఖాన్ కొట్టాడు. ఈ స్కోరు చెప్పేటప్పుడు మా సారు గొంతు తగ్గించేవారు కాదు, దాటేసేవారూ కాదు. పది అని నల్లబల్ల మీద రాసి, దాని కింద గీత గీసి, "ఎందుకు?" అని మమ్మల్నే అడిగేవారు. మనవాళ్లలో చాలామంది ఉత్తికాళ్లతో ఆడారు. నాలుగేళ్ల ముందు లండన్ ఒలింపిక్స్‌లో ఉత్తికాళ్లతోనే ఫ్రాన్స్‌ను వణికించి 2-1తో మాత్రమే ఓడారు కాబట్టి, బూట్లు లేకపోవడం అదో ఘనత అన్నట్టు దేశంలో చెప్పుకునేవారు. హెల్సింకీ చలిలో, తడి పచ్చిక మీద, బూట్లు వేసుకున్న బలమైన జట్టు ముందు ఆ ఘనత నిలవలేదు. తర్వాత మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

బూట్లు తప్పనిసరి అని కాగితం మీద రాయడం తేలికే. కుర్రాళ్లకి బూట్లు ఎక్కణ్ణించి వస్తాయి? సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం పోలీసుల పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించుకున్న బూట్లతో ఆడాడు. అతని ఆట చూసి రహీం సాబ్ హైదరాబాద్ వచ్చి ప్రాక్టీసు చెయ్యమన్నారు. రోజూ రావడానికి బస్సుకీ సైకిలుకీ డబ్బుల్లేవని కుర్రాడు చెబితే, సైకిలు అద్దెకి తన జేబులోంచి ఇచ్చారు. బలరాం పెద్దవాడయ్యాక కూడా ఈ మాట మరిచిపోకుండా చెప్పుకున్నాడు. దేశం గర్వించిన ముందువరుస ఆటగాడు ఒక పంతులుగారు ఇచ్చిన సైకిలు అద్దెతో తయారయ్యాడు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు గుండె నిండిపోతుంది.

ఇక మా గ్రౌండు సంగతికి వస్తాను. రహీం సాబ్ కుర్రాళ్ల కోసం కొత్తరకం పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని ఒక్కడే కాళ్లతో నడిపించుకుంటూ పోవడం, నిషేధం. ఇంకోదాంట్లో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. మా సారు ఈ రెండూ మా మీద ప్రయోగించారు. ఎడమకాలి ఆట శనివారం సాయంత్రాలు ఉండేది. కుడికాలు బంతికి తగిలితే ఫౌలే, అనుకోకుండా తగిలినా ఫౌలే. మొదట్లో ఎలా ఉండేదంటే, బంతి దగ్గరికి పరుగెత్తుకెళ్లి, ఆగి, కాలు మార్చుకుని, తన్నబోయేసరికి బంతి ఉండేది కాదు. ఎడమకాలు లేపితే కుడికాలి మీద ఒళ్లు నిలబడేది కాదు. గులకరాళ్ల మీద పడి మోచేతులు చెక్కుకుపోయేవి. ఒకసారి నేను గోలు ముందు ఒంటరిగా ఉన్నాను. కీపరు కూడా పక్కకి పడిపోయాడు. కుడికాలితో తోసినా గోలే. ఎడమకాలితో తన్నితే బంతి కాలి వేళ్లకి తగిలి పక్కనున్న వేపచెట్టు మొదట్లోకి పోయింది. అందరూ నవ్వారు. సారు మాత్రం దగ్గరికొచ్చి కింద కూర్చుని నా ఎడమపాదం పట్టుకుని, మడమ దగ్గర బిగించి, వేళ్లు కిందికి వంచి, "ఇగో, ఈ బొక్క ఉన్నది సూడు, దీంతోని తన్నాలె. వేళ్లతోని కాదు బేటా. దేవుడు రెండు కాళ్లిచ్చిండు, ఒకటి నిలబడనీకి ఇంకోటి తన్ననీకి అని ఎక్కడన్న రాసిండా?" అన్నారు. ఆయన వేలు తగిలిన ఆ చోటు ఇప్పటికీ చూపించగలను.

డ్రిబ్లింగ్ లేని ఆట ఇంకా కష్టం. మాలో కొందరు బంతి దొరికితే ఇంటికి తీసుకుపోయేదాకా వదలని రకం. రెండుసార్లు తాకాక మూడోసారి తాకితే విజిల్. అప్పుడు తప్పనిసరిగా తల ఎత్తి చూడాల్సి వచ్చేది, మనవాడు ఎక్కడున్నాడని. పక్కవాడు ఎక్కడున్నాడో చూసే అలవాటు ఆటలో ఎంత పెద్ద విషయమో అప్పుడు మాకు తెలీదు. సారుకు తెలుసు. ఆయనకు నేర్పినాయనకు ఇంకా బాగా తెలుసు.

సారు బెత్తం తర్వాత ఆగేది మెల్‌బోర్న్ దగ్గర. 1956 ఒలింపిక్స్. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పినా మాకు విసుగు పుట్టేది కాదు. మొదటి రౌండులో హంగరీ రాకపోవడంతో మనకు దారి దొరికింది. తర్వాత ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియా. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ చెయ్యడం అదే మొదలు. 4-2తో గెలిచి సెమీఫైనల్ చేరాం. ఆసియా నుంచి అక్కడిదాకా వెళ్లిన మొదటి జట్టు మనదే. ఆ జట్టులో మనూళ్ల పేర్లు చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. అజీజ్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరాం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టిందీ హైదరాబాద్‌లోనే.

సెమీస్‌లో ఎదురైంది యుగోస్లావియా. నాలుగేళ్ల కిందట పది గోళ్లు కొట్టిన జట్టు. ఈసారి మొదటి గోలు మనదే, డిసౌజాదే. చివరికి 4-1తో ఓడాం. మూడో స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. పతకం రాలేదు. మా సారు అక్కడ నల్లబల్ల మీద 10-1 పక్కన 4-1 రాసి ఊరుకునేవారు. ఒకే ప్రత్యర్థి, నాలుగేళ్ల తేడా. యుగోస్లావియా రెండుసార్లూ వెండి పతకం గెలిచిన జట్టు, అంటే వాళ్లేమీ తగ్గలేదు. పెరిగింది మనం. మధ్యలో ఆ నాలుగేళ్లూ ఏం జరిగిందో చెప్పమంటే నేను ఫతే మైదాన్‌నీ, బడి గ్రౌండుల్నీ, బూట్లు వేసుకుని ఎడమకాలితో తన్నడం నేర్చుకున్న కుర్రాళ్లనీ చూపిస్తాను. ఆ కాలంలోనే హైదరాబాద్ వరుసగా రెండేళ్లు, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది.

రోమ్ 1960. గెలుపు లేదు. హంగరీతో 2-1 ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, పెరూతో 3-1 ఓటమి. మన మూడు గోళ్లలో రెండు సైకిలు మీద వచ్చిన బలరాంవి, ఒకటి కెప్టెన్ పి.కె. బెనర్జీది. రహీం సాబ్ కొడుకు హకీం కూడా ఆ జట్టులో ఉన్నాడు. తర్వాత హకీం ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి, రిఫరీగా, శిక్షకుడిగా చాలాకాలం ఆటలోనే ఉన్నారు.

జకార్తా పాఠం మా సారు పూర్తిగా చెప్పింది నాకు గుర్తులేదు. సగంలో ఆయనకు మాట రాకపోయేది. మిగతాది నేను చదివి తెలుసుకున్నాను. 1962 ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేసియా రానివ్వలేదని మన దేశానికి చెందిన క్రీడాధికారి సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనం భారతీయుల మీద మండిపడ్డారు. ఆ కోపం మధ్య మనవాళ్లు ఆడాల్సి వచ్చింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీస్‌కు వచ్చారు. ఈలోగా డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. ఎవరైనా పక్కన కూర్చోబెడతారు. రహీం సాబ్ అతన్ని వెనకవరుసలోంచి తీసి ముందువరుస మధ్యలో నిలబెట్టారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపులో ఒక గోలు జర్నైల్‌దే.

ఫైనల్ సెప్టెంబర్ 4న. ఎదురుగా మళ్లీ అదే కొరియా. స్టేడియంలో లక్షమంది, మన పేరు వినిపిస్తే చాలు గోల. ఆ గోలలో మనవాళ్ల కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు. జబ్బుపడి లేచిన తంగరాజ్‌ను రహీం సాబ్ గోలు ముందు నిలబెట్టారు. అంతకుముందు ఆడిన కీపర్ బాగానే ఆడాడు. అయినా పొడగరి కొరియా ముందువరుసకి తంగరాజ్ పొడుగే కావాలని అనుకుని ఉంటారు. ఇది నా ఊహ. పి.కె. మొదటి గోలు, కాసేపటికే కుట్లు పడ్డ తలతో ఆడుతున్న జర్నైల్ రెండో గోలు. చివర్లో కొరియా ఒకటి తీర్చుకుంది. 2-1. కెప్టెన్ చునీ గోస్వామి బంగారు పతకం అందుకున్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు మరో బంగారం రాలేదు.

జకార్తా నుంచి వచ్చిన ఏడాదిలోపే, 1963 జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. యాభై నాలుగు కూడా నిండలేదు. ఆ చివరి ప్రయాణం నుంచి ఆయన ఏం చూసొచ్చారో, ఇక్కడ ఏం మార్చాలనుకున్నారో మనకు అందలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. మిగతా ఊళ్లన్నిటి నుంచీ ఏదో ఒకటి తెచ్చి మన గ్రౌండులో పెట్టిన మనిషికి జకార్తా తర్వాత ఆ వ్యవధి దొరకలేదు. రెండేళ్లు గడిచాక, 1965-66లో, ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ గెలుపులో ఆయన నాటిన విత్తనాలు ఉన్నాయని మా సారు నమ్మేవారు, నేనూ నమ్ముతాను.

మా సారు రిటైరయ్యాక కూడా సాయంత్రాలు బడికి వచ్చి గోడ దగ్గర నిలబడి పిల్లల ఆట చూసేవారు. ఇప్పుడు ఆయన లేరు. గ్రౌండులో సగం కొత్త బ్లాకు కిందకి పోయింది. మిగిలిన సగంలో అయిదుగురు చొప్పున ఆడుకోవడానికి చోటు చాలు. ఈ సంచిక చేతికి అందేనాటికి మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం తేదీ కూడా ఖరారవుతుంది. కమిటీలోని మిత్రులకు నా విన్నపం ఇది. ఉపన్యాసాల్లో ఒక అరగంట తగ్గించి, ఆ రోజు సాయంత్రం ఇప్పటి పిల్లలకు ఎడమకాలి ఆట పెట్టండి. ఎడమవాటం పిల్లలుంటే వాళ్లకి కుడికాలు. కప్పుకి రహీం సాబ్ పేరు పెడదాం, ఖర్చు నాది. బూట్లు లేని పిల్లల కొలతలు ముందుగా తీసుకుని చెబితే ఆ ఏర్పాటు మా బ్యాచ్ చూసుకుంటుంది. విజిల్ ఊదడానికి నేను వస్తాను.